బంతి భోజనానికి చోటు కట్టుకోవడం: బెంగళూరు అపార్ట్‌మెంటు సంఘాలకు ఒక మార్గదర్శి

వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి, కె.ఆర్. పురం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉన్న పెద్ద అపార్ట్‌మెంటు సముదాయాలలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఆ ఆవరణలలో కార్లకు, జిమ్‌కు, ఈతకొలనుకు చోటు ఉంటుంది గాని, ఉగాదికో వినాయక చవితికో వందమంది ఒక్కచోట ఆకు ముందు కూర్చోవడానికి చోటు ఉండదు. అందువల్ల ప్రతి పండుగకూ టెంట్ హౌసు నుంచి బల్లలు, కుర్చీలు వస్తాయి. పార్కింగులో ఎలాగో సర్దుతారు. ఒకరు పెరుగన్నం తింటుండగానే వెనుక బంతివారు వచ్చి కుర్చీ పట్టుకుని నిలబడతారు. రెండు మూడేళ్ళు ఇలా గడిచాక కమిటీ సమావేశంలో 'ఒక పార్టీ హాలు కట్టుకుందాం' అనే తీర్మానం వస్తుంది. ఆ తీర్మానం వచ్చిన సంఘాల కోసమే ఈ వ్యాసం.

పార్టీ హాలు అనగానే గీసి ఇచ్చే ప్లానులో సాధారణంగా ఒక వేదిక, ఫాల్స్ సీలింగు, రంగు దీపాలు ఉంటాయి, భోజనాలకు ఒక మూల 'బఫే కౌంటర్' అని రాసి ఉంటుంది. ఆ కౌంటర్ మన భోజన పద్ధతికి సరిపడదు. మన విందులో తినేవారు కదలరు, వంటకం వారి దగ్గరకు నడిచి వస్తుంది. బఫేలో అది తలకిందులవుతుంది. కాబట్టి ఇక్కడ చెప్పే పద్ధతికంతటికీ ఒకటే ఆధారం: భోజనశాలను కూర్చునేవారి కుర్చీ నుంచి గాక, వడ్డించేవారి అడుగుల నుంచి కొలవాలి. మిగిలిన నిర్ణయాలన్నీ, గోడ ఎక్కడ, కుళాయి ఎక్కడ, పొయ్యి ఎటు అనేవన్నీ, ఆ ఒక్క కొలత నుంచే పుట్టుకొస్తాయి.

ముందుగా చూసి రావలసినవి

ప్లాను గీయించక ముందు కమిటీలో నలుగురైనా ఊళ్ళోకి వెళ్ళి కొన్ని చోట్ల తింటూ గమనించాలి. రుచిని కాదు, కాళ్ళను గమనించాలి. ఎవరు ఎటు నడుస్తున్నారు, ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ ఒకరికొకరు అడ్డం పడుతున్నారు అన్నది చూడాలి.

ఉదయం పూట ఏదైనా దర్శినికి వెళ్ళండి. జయనగరలో 1983లో మొదలైన కేఫ్ దర్శినితో ఈ పద్ధతి బెంగళూరులో పాతుకుంది. కుర్చీ లేదు, వడ్డన లేదు. చిల్లర ఇచ్చి టోకెను తీసుకోవడం, పళ్ళెం అందుకోవడం, ఛాతీకి కాస్త కింద ఉండే రాతి బల్ల దగ్గర నిలబడి తినడం, పళ్ళెం తొట్టిలో వేసి వెళ్ళడం. చిన్న దుకాణం గది లాంటి చోటులో అంతమంది తిని వెళ్ళగలగడానికి కారణం ఏమిటంటే, అక్కడ ఎవరి దారీ మరొకరి దారికి అడ్డం రాదు. కౌంటరు, బల్ల, తొట్టి, వీధి అన్నీ ఒకే దిశలో వరుసగా ఉంటాయి. మనం కట్టబోయేది దర్శిని కాదు గాని, ఈ ఒక్క దిశ అనే పాఠం మనకు పనికొస్తుంది.

లాల్‌బాగ్ దగ్గర 1924 నుంచి నడుస్తున్న మావళ్ళి టిఫిన్ రూమ్స్‌లో ఒకప్పుడు వచ్చినవారు వంటగది గుండా నడిచి హాలులోకి వెళ్ళే ఏర్పాటు ఉండేది. శుభ్రతను కళ్ళారా చూపడమే దాని ఉద్దేశం. పొయ్యిని దాచిపెట్టాలా, కనిపించనివ్వాలా అనే వాదన మీ కమిటీలోనూ వస్తుంది, అప్పుడు ఈ ఉదాహరణ గుర్తుంచుకోండి. సాయంత్రం వి.వి. పురంలోని తిండి వీధికి వెళితే, కూర్చునే సదుపాయం దాదాపు లేకపోయినా జనం ఎందుకు అంతసేపు నిలబడతారో తెలుస్తుంది: వండుతున్న చెయ్యి కళ్ళెదుట ఉంటుంది. నేల మీద బంతి ఎలా నడుస్తుందో చూడాలంటే హలసూరు చెరువు దగ్గరి గురుద్వారాలో లంగరు, అంటే సిక్కులు అందరికీ పెట్టే ఉచిత భోజనం, చూడవచ్చు. తలకు గుడ్డ కప్పుకుని వెళ్ళాలి, పరచిన సన్నటి పట్టీల మధ్య వడ్డించేవారు ఎంత వేగంగా సాగిపోతారో గమనించాలి. తిరుమలలో 2011లో ప్రారంభమైన తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో తిననివారు తెలుగువారిలో తక్కువే. ఈసారి వెళ్ళినప్పుడు ఆకు మీద నుంచి ఒక్క క్షణం తల ఎత్తి, అన్నం బండి ఏ దారిన వచ్చి ఏ దారిన పోతున్నదో చూడండి.

స్థలం

దొరికే చోట్లు సాధారణంగా నాలుగే: స్టిల్టు, సెల్లారు, మేడ పైభాగం, పచ్చిక మైదానం అంచు. సెల్లారును వెంటనే కొట్టేయండి. వంటగ్యాసు గాలి కన్నా బరువైనది. లీకైతే పైకి పోదు, కింద పేరుకుంటుంది. మేడ పైకి గంగాళాలు, గుండిగలు లిఫ్టులో చేరవేయడం ప్రమాదం, ఎసరు తొణికితే ఆ ఇరుకులో తప్పుకోవడానికి చోటుండదు. స్టిల్టులో పండుగ పూట కార్లు తీసి వాడుకోవడం వేరు, పార్కింగుగా ఆమోదం పొందిన చోటును గోడలు కట్టి శాశ్వతంగా మార్చడం వేరు. రెండోది చట్టపరంగా చిక్కు. కాబట్టి నేలమట్టంలో, మైదానం అంచున, ఒకవైపు గోడ ఉండి మూడు వైపులా తెరిచి ఉన్న మంటపం లాంటి కట్టడమే అన్నిటికన్నా మేలు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది, ఏసీ గది అవసరం పడే మధ్యాహ్నాలు ఏడాదిలో కొద్దే. మంటపానికైనా నగర పాలక సంస్థ అనుమతి, సంఘం సర్వసభ్య సమావేశపు ఆమోదం ముందే తీసుకోవాలి.

వడ్డన దారి

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. ఒక మామూలు తెలుగు విందును తీసుకోండి. పచ్చడి, కూర, వేపుడు, పులిహోర, బూరె, అప్పడం. ఆ తరువాత అన్నం, ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ. మళ్ళీ అన్నం, పులుసో సాంబారో, చారు. మళ్ళీ అన్నం, పెరుగు. మంచినీళ్ళు, మారు వడ్డనలు కాక, ఒక్కో వరుస ముందు నుంచి పదిహేను సార్లకు తగ్గకుండా ఎవరో ఒకరు బకెట్టు పట్టుకుని నడవాలి. నిండిన బకెట్టు పదికిలోల బరువు ఉంటుంది. ఆ మనిషి నడిచే సందు ఇరుకైతే వంటవాడు ఎంత గొప్పవాడైనా భోజనం చెడినట్టే.

బకెట్టుతో నడిచే ఒక మనిషికి 60 సెంటీమీటర్ల వెడల్పు కావాలి. ఎదురెదురుగా ఇద్దరు ఆగకుండా తప్పుకోవాలంటే 120 సెంటీమీటర్లు. ఆ 120 సెంటీమీటర్ల దారికి రెండు వైపులా ఎదురెదురుగా రెండు వరుసలు వస్తాయి. ఒక్కో వైపు ఆకు పరిచే బల్లకు 45 సెంటీమీటర్లు, కూర్చున్న మనిషికి 80 సెంటీమీటర్లు. వరుసల వెనుక లేచి వెళ్ళేందుకు 60 సెంటీమీటర్ల సందు. కలిపితే 4.3 మీటర్లు. మనిషికి మనిషికి మధ్య 60 సెంటీమీటర్ల చొప్పున వరుసకు 20 మంది అయితే పొడవు 12 మీటర్లు. అంటే 40 మందికి సుమారు 52 చదరపు మీటర్లు, తలకు 1.3 చదరపు మీటర్లు, అంటే 14 చదరపు అడుగులు. వందమంది ఒకే బంతిలో కూర్చోవాలంటే 1,400 చదరపు అడుగులు భోజనానికే పోతాయి. వేచి ఉండే చోటు, చేతులు కడిగే చోటు, వడ్డన బల్లలు కలిపి మరో సగం వేసుకోండి. ఈ లెక్క చూశాక చాలా సంఘాలు 40 మంది చొప్పున బంతులు పెట్టుకోవడమే మంచిదనే నిర్ణయానికి వస్తాయి, నా అభిప్రాయమూ అదే.

వరుస 20 మందిని మించకూడదని చెప్పడానికి కారణం మన ఆచారంలోనే ఉంది. బంతిలో అందరి ఆకుల్లోనూ అన్నం, పప్పు, నెయ్యి పడ్డాక, 'భోజనకాలే హరినామస్మరణ' అని ఒకరు అంటే 'గోవిందా గోవింద' అని అందరూ అన్నాకే మొదటి ముద్ద కలుపుతారు. ఒక్కో ఆకు దగ్గర అయిదు సెకన్లు ఆగినా 20 ఆకులకు అన్నం వడ్డించడానికి నిమిషం నలభై సెకన్లు పడుతుంది, వెనుకనే పప్పు, నెయ్యి వస్తాయి. వరుసను 40కి పెంచితే మొదటివారి అన్నం చల్లారిపోతుంది. చోటు పొడవుగా దొరికి తీరా పెద్ద వరుసే వేయవలసి వస్తే, వడ్డన రెండు కొసల నుంచీ ఒకేసారి మొదలుపెట్టాలి.

ఇంకొక నియమం దీనికన్నా ముఖ్యమైనది. ఏ వడ్డన దారీ గోడకు తగిలి ఆగిపోకూడదు. అలా ఆగితే వడ్డించేవారు వెనక్కి తిరగాలి, వెనుక వచ్చేవారిని తోసుకుంటూ రావాలి, చారు బకెట్టు అక్కడే ఒలుకుతుంది. వంటగది వైపు కొస నుంచి లోపలికి వచ్చి, అవతలి కొసన బయటపడి, వరుసల చుట్టూ తిరిగి మళ్ళీ వంటగది చేరే వలయం ఉండాలి. అలాగే భోజనానికి వచ్చేవారు ప్రవేశించే కొస ఒకటి, లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళే కొస మరొకటి కావాలి. కల్యాణ మంటపాలలో కుర్చీ వెనుక నిలబడి కాచుకునే అలవాటు మన మర్యాద తక్కువై వచ్చింది కాదు, అక్కడ వేచి ఉండేందుకు వేరే చోటు లేకపోవడం వల్ల వచ్చింది. ప్రవేశం పక్కనే, తినేవారి ఆకులు కనిపించనంత దూరంలో, పేర్లు పిలిస్తే వినిపించేంత దగ్గరలో, బల్లలు వేసి మజ్జిగో పానకమో పెట్టండి. ఎవరూ ఎవరి వీపు వెనుకా నిలబడరు.

మన సముదాయాలలో కన్నడిగులు, తమిళులు కూడా ఉంటారు కదా. కన్నడ భోజనంలో సాధారణంగా సారు (మన చారు) ముందు, హుళి (సాంబారు లాంటిది) తరువాత. తమిళ భోజనంలో పప్పు నెయ్యి, సాంబారు, రసం, మజ్జిగ అనే వరుస. మనకు పప్పు రాజ్యమేలుతుంది. ఉమ్మడి విందుకు ఏ క్రమం పాటించాలన్నది ముందే నిర్ణయించుకుంటే వడ్డన బల్ల మీద గిన్నెల అమరిక దాని ప్రకారం ఉంటుంది, వడ్డించేవారు అటూ ఇటూ పరుగెత్తరు. ఆకు కొస మాత్రం మూడు ఇళ్ళలోనూ తినేవారి ఎడమ వైపే, అక్కడ తగాదా లేదు.

అరుగు

నేల మీద కూర్చుని తినాలని కొందరికి గట్టిగా ఉంటుంది. మోకాళ్ళు సహకరించనివారికి కుర్చీ తప్పదు. రెండు వరుసలూ ఎదురెదురుగా వేస్తే నేల మీద కూర్చున్నవారు కుర్చీవారి పాదాల ఎత్తున ఉంటారు. పెద్దలు కుర్చీలో, పిల్లలు నేల మీద అయితే ఎవరికీ పట్టదు గాని, తోటివారి మధ్య అది బాగుండదు. వడ్డించేవారికీ కష్టమే, ఒకవైపు నడుము పూర్తిగా వంచాలి, మరోవైపు వంచనక్కర లేదు.

దీనికి మన పాత ఇళ్ళలోనే పరిష్కారం ఉంది. బెంగళూరులో 1898 నాటి ప్లేగు తరువాత వేసిన బసవనగుడి, మల్లేశ్వరం వీధుల్లో మిగిలిన పాత ఇళ్ళ ముందు జగలి కనిపిస్తుంది. మన అరుగూ అదే. మంటపానికి ఉన్న ఒక్క గోడ వెంట 45 సెంటీమీటర్ల ఎత్తు, 130 సెంటీమీటర్ల లోతు గల అరుగును వరుస పొడవునా కట్టించండి. మనిషి గోడ వైపు బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు, అతని ముందు అరుగు మీదే ఆకు పరుస్తారు. 45 సెంటీమీటర్లంటే కుర్చీ పీట ఎత్తే. కాబట్టి అరుగు మీద నేల పద్ధతిలో కూర్చున్నవారి కళ్ళు, ఎదురు వరుసలో కుర్చీలో కూర్చున్నవారి కళ్ళు ఒకే ఎత్తున కలుస్తాయి. వడ్డించేవారికి సగం వంపు తప్పుతుంది. గోడకు చేరగిలబడే వీలుంటుంది, బాసింపట్టుతో అరగంట కూర్చోలేనివారికి అది పెద్ద ఊరట. అరుగు ఎక్కేందుకు రెండు చోట్ల 22 సెంటీమీటర్ల మెట్టు పెట్టించండి.

అదే అరుగు వినాయక చవితికి విగ్రహం నిలిపే వేదిక అవుతుంది, బతుకమ్మకు, బొమ్మల కొలువుకు పనికొస్తుంది, మామూలు సాయంత్రాలలో పెద్దవాళ్ళు కూర్చునే చోటు అవుతుంది. వేరే వేదిక కట్టవలసిన పని లేదు. నన్నడిగితే ఈ మొత్తం కట్టడంలో డబ్బు చాలక ఒక్క వస్తువే మిగుల్చుకోవలసి వస్తే, అరుగునే మిగుల్చుకోవాలి. పైకప్పు షామియానాతో గడుస్తుంది.

రాయి విషయంలో ఒక హెచ్చరిక. అరుగులకు కడప రాయి వేయడం మన అలవాటు, బెంగళూరు వంటిళ్ళలోనూ అది విరివిగా కనిపిస్తుంది. కాని కడప రాయి సున్నపురాయి జాతిది. చింతపండు, నిమ్మరసం, పెరుగు పులుపు దాని మెరుగును తినేస్తాయి. పప్పుచారు ఒలికిన చోటల్లా తెల్లటి మచ్చ నిలిచిపోతుంది. ఈ నగరం చుట్టుపక్కల దొరికే సాదరహళ్ళి బూడిదరంగు గ్రానైటుకు ఆ బాధ లేదు. నేలకూ అదే వేయించండి, నునుపు చేయకుండా గరుకుగా ఉంచి. నెయ్యి, మజ్జిగ పడ్డ నునుపు టైలు మీద బకెట్టు మనిషి జారితే ఏమవుతుందో చెప్పనక్కర లేదు. నేలకు మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున వాలు ఇచ్చి, నీళ్ళు ఒకే కాలువలోకి పోయేలా చూడాలి. చక్రాల కుర్చీకి ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి, ఆ కుర్చీ వచ్చి ఆగేందుకు బల్ల వరుసలో ఒక కుర్చీని తీసివేసిన ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ వరుస కొసన కాకుండా నడుమ ఉంటే మంచిది.

అరుగు మీద చెప్పులు వేసుకుని ఎక్కరు కనుక రాక్ కావాలి. ఒక జతకు 25 సెంటీమీటర్ల చొప్పున నాలుగు అరలలో వంద జతలు పట్టాలంటే ఆరు మీటర్లకు పైగా గోడ కావాలి. ప్లానులో దీనికి చోటు చూపకపోతే ఆ చెప్పులన్నీ మీ వడ్డన దారిలోనే తేలతాయి.

పొయ్యి, గాలి, ఎండ

వంటవారు గాడిపొయ్యి తవ్వినా, గ్యాసు పొయ్యిలు పెట్టినా, పొగ, సెగ ఎటు పోతాయన్నది పండుగను బట్టి మారుతుంది. వినాయక చవితి వచ్చే రోజుల్లో బెంగళూరులో గాలి పడమర, నైరుతి నుంచి వీస్తుంది. కార్తికంలో ఈశాన్య ఋతుపవనాల గాలి, తూర్పు ఈశాన్యాల నుంచి. పొయ్యిని ఆగ్నేయంలో పెట్టి, భోజనాల వరుసలను దానికి ఉత్తర వాయవ్యాలుగా వేస్తే రెండు కాలాల్లోనూ పొగ తినేవారి మీదికి రాదు. వాస్తు చెప్పే పెద్దవారు కమిటీలో తప్పకుండా ఒకరుంటారు. ఆయన కూడా ఆగ్నేయమే అంటారు గనుక ఆ సమావేశం త్వరగా ముగుస్తుంది. పొయ్యికి, మొదటి వరుసకు మధ్య పిల్లలు దాటలేని నడుమెత్తు గోడ ఉండాలి గాని, తెర ఉండకూడదు. బూరెలు నూనెలో పొంగడం కనిపిస్తే వేచి ఉండేవారికి కాలం తెలియదు. సిలిండర్లు నిలువుగా, బయట, నీడలో, కాలువ మూతలకు దూరంగా పెట్టాలి.

ఎండ విషయంలో చాలామంది దక్షిణం, పడమర వైపులకే చూరు పెంచి ఊరుకుంటారు. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు నడిమి దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. ఉత్తరం వైపూ చూరు కావాలి. ఏప్రిల్, మే నెలల సాయంత్రపు ఉరుముల వానకూ, కార్తికపు జల్లుకూ అదే రక్ష. వనభోజనానికి ఉసిరి చెట్టు నీడ కోరుకుంటే ఇప్పుడే ఒక మొక్కను మంటపానికి ఈశాన్యాన నాటుకోవడం మంచిది. దాని ఆకు సన్నం కనుక గట్టర్లు పూడుకోకుండా చూరుకు నాలుగు మీటర్ల దూరం ఉంచండి.

చేతులు కడుక్కునే చోటు

హోటల్లో ఒక్కొక్కరు ఒక్కొక్కప్పుడు లేస్తారు కనుక రెండు కుళాయిలు చాలు. బంతిలో ఆఖరివారు ముగించేదాకా ఆగి అందరూ ఒక్కసారే లేవడం మర్యాద. ఆ మర్యాద ఉన్నంతకాలం కుళాయిలు ఎక్కువే కావాలి. 40 మంది తలా అర నిమిషం చేతులు కడిగితే మొత్తం 20 నిమిషాలు. ఆరు కుళాయిలుంటే మూడున్నర నిమిషాల్లో అయిపోతుంది, రెండే ఉంటే పది నిమిషాలు ఎండిన చేతులతో నిలబడాలి. నాలుగు కుళాయిలు 80 సెంటీమీటర్ల ఎత్తున, రెండు పిల్లలకు 55 సెంటీమీటర్ల ఎత్తున పెట్టించండి. 2024 వేసవి నీటి కరవులో బెంగళూరు జలమండలి కుళాయిలకు ఎయిరేటర్లు, అంటే ధారలో గాలి కలిపి నీటి వాడకం తగ్గించే మూతలు, తప్పనిసరి చేసింది. ఇక్కడ అవి తప్పక ఉండాలి. కావేరి నీరు సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తిపోసుకుని తెచ్చుకుంటున్న ఊరిది. అరిటాకు వాడితే కంచాలు కడిగే నీళ్ళూ మిగులుతాయి.

ఎంగిలాకులను తినేవారు తీయాలా, వేరెవరైనా తీయాలా అన్నది ఒక్కో ఇంటి పద్ధతి. నా సలహా ఏమిటంటే ఎవరి ఆకును వారే మడిచి తీసుకువెళ్ళి, కుళాయిల దారిలో పెట్టిన తొట్టిలో వేయాలి. తొట్టి కుళాయికి ముందు రావాలి, తరువాత కాదు. మిగిలిన అన్నం ఆకుతో పాటే తడి చెత్తలోకి పోతుంది. ఆకులను ముక్కలు చేయిస్తే కంపోస్టు గుంటలో త్వరగా కుళ్ళుతాయి. ప్లాస్టిక్ పూత ఉన్న 'ఆకు' పళ్ళేలు కుళ్ళవు, వాటిని తేవద్దని కేటరర్‌కు ముందే చెప్పాలి. గిన్నెలు కడిగిన నీటిలోని నూనె, గంజి నేరుగా మురుగు శుద్ధి ప్లాంటుకు పోతే అది మొరాయిస్తుంది, మధ్యలో నూనెను, జిడ్డును ఆపే తొట్టి (గ్రీజు ట్రాప్) కట్టించాలి. ఇంతకుమించి ఈ భాగంలో చెప్పవలసింది లేదు.

ఎవరు ఏ బంతిలో

బంతి భోజనాన్ని పొగుడుతూ దాని చరిత్రలో సగాన్ని దాచకూడదు. ఎవరు ఏ వరుసలో కూర్చోవాలి, ఎవరు కూర్చోనే కూడదు, ఎవరు ఎంగిలాకులు తీయాలి అన్నది కులాన్ని బట్టి నడిచిన కాలం మనదే, పంక్తిభేదం మనదే. దాన్ని ఎదిరించిన చాపకూడూ మనదే. 12వ శతాబ్దంలో పల్నాటి బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని మన వీరగాథ చెబుతుంది. అపార్ట్‌మెంటులో ఈ విషయం కట్టడం రూపంలోనే ముందుకు వస్తుంది. సెక్యూరిటీవారు, ఇంటిపనికి వచ్చే ఆడవాళ్ళు, డ్రైవర్లు, తోటమాలి ఎక్కడ తింటారని ప్లానును అడగండి. వంటగది వెనుక ఒక బల్ల చూపిస్తే ఆ బల్లను కొట్టేయించండి. డ్యూటీ మారే వేళను బట్టి వారికి మొదటి బంతిలోనో రెండో బంతిలోనో అదే అరుగు మీద, అదే వరుసలో, మిగతావారితో కలిపి స్థానం ఉండాలని సంఘం తీర్మానంలో రాసుకోవాలి. రాసుకోకపోతే జరగదు, మొహమాటం వల్ల వాళ్ళే దూరంగా ఉండిపోతారు.

మాంసాహారం విషయంలో వాదించి ప్రయోజనం లేదు. కార్తికంలో ఎలాగూ శాకాహారమే. మిగతా రోజుల్లో వేటకూర విందుకు వేరే పొయ్యి, వేరే గరిటెలు, వేరే రోజు అని నిర్ణయించుకుంటే సరిపోతుంది. అందరి ఇళ్ళ నుంచి తలా ఒక వంటకం తెచ్చే పద్ధతిని మాత్రం నేను సమర్థించను: పురుషులు కుర్చీలు సర్దినందుకు మెచ్చుకోళ్ళు పొందుతారు, స్త్రీలు తెల్లవారుజామునే లేచి నలభై మందికి వండుతారు. వంటకు మనిషిని పెట్టుకుని, వడ్డనను కుర్రవాళ్ళకు అప్పగించండి. కొసరి వడ్డించడం నేర్చుకోవడానికి పదహారేళ్ళ వయసు సరైనది.

మిగతా రోజులలో

ఏడాదికి నాలుగు పండుగలకే తెరిచే చోటు రెండేళ్ళలో పాత సైకిళ్ళ, విరిగిన ట్రెడ్‌మిల్లుల కొట్టుగా మారుతుంది. అందుకే రోజూ అక్కడ ఏదో ఒకటి తినేలా, తాగేలా ఏర్పాటు ఉండాలి. 1970లలో న్యూయార్క్ కూడళ్ళను కెమెరాలతో గమనించిన విలియం వైట్, తిండి అమ్మే చోట, కదిలించుకోగల కుర్చీలున్న చోట జనం నిలుస్తారని చూపించాడు, వి.వి. పురంలో నిలబడ్డవారికి ఇది చెప్పనక్కర లేదు గాని, కమిటీ కోశాధికారికి చెప్పడానికి పనికొస్తుంది. ఒక మూల దర్శిని ఎత్తులో రాతి బల్ల, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ఫిల్టరు కాఫీ, ఏదో ఒక వేడి పలహారం ఉంటే చాలు. కుర్చీలు తేలికైనవి, ఒక చేత్తో జరుపుకోగలిగినవి కొనండి, వాటిని గోడ వెంట వరుసగా పేర్చి ఉంచనివ్వకండి. 1950లలో కెనడాలోని సస్కాచువాన్‌లో రాబర్ట్ సోమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ఆసుపత్రిలోని వృద్ధుల వార్డులో గోడల వెంట ఉన్న కుర్చీలను చిన్న బల్లల చుట్టూ వేయించి చూస్తే, అంతవరకు మాట్లాడుకోనివారు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

ఆకు బల్లలు మడత పెట్టేవి అయి ఉండాలి, వాటిని అరుగు కింద దాచే గూళ్ళు కట్టించుకోవచ్చు. గూళ్ళకు తాళాలు అవసరమే గాని, మంటపానికి మాత్రం గేటూ తాళమూ వద్దు; బుక్ చేసుకుంటేనే తెరిచే చోటుకు ఎవరూ ఊరికే రారు.

కట్టే ముందు

ఆర్కిటెక్టు ప్లాను ఇచ్చాక పునాది తవ్వకుండా ఒక ఆదివారం ఆ స్థలంలోనే ముగ్గుపిండితో గీతలు గీయండి: వరుసలు, 120 సెంటీమీటర్ల దారి, కుళాయిల గోడ, రాక్, వేచి ఉండే చోటు, పొయ్యి. టెంట్ హౌసు బల్లలు, కుర్చీలు తెప్పించి, అరుగు ఉండబోయే చోట చెక్క పలకలు వేసి, నలభై మందికి నిజంగానే భోజనం పెట్టండి. పప్పు, చారు, పెరుగు చాలు, విందు అక్కరలేదు. ఒకరు చేతిలో టేపు పట్టుకుని తినకుండా నిలబడాలి. బకెట్లు ఎక్కడ ఢీకొన్నాయి, ఏ మూలకు చారు ఆలస్యంగా చేరింది, లేచినవారు ఎటు వెళ్ళబోయి ఎటు వెళ్ళారు, పొగ ఎవరి కళ్ళలోకి వచ్చింది అన్నవి రాసుకోవాలి. అన్నిటికన్నా ముందు వడ్డించిన కుర్రవాళ్ళను అడగండి. ఏ దారి ఇరుకైందో వారి మోచేతులకు తెలుసు. ఆ గీతలను చెరిపి, దిద్ది, మరొక ఆదివారం ఇంకోసారి పెట్టి చూసి, ప్లానులో మార్పులు వేయించిన తరువాతే మేస్త్రికి అడ్వాన్సు ఇవ్వాలి.